నల్లమద్ది మూలిగిన రోజు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త కిల్లో బుద్రి. ఆమె చెప్పినట్టే చెబుతాను. నడుమ ఎవరూ మాట కలపొద్దు.

ఒకప్పుడు చెట్లు చప్పుడు లేకుండా పడిపోయేవి. నొప్పి పుడితే మూలగడం చెట్ల జాతికి సిగ్గు. పడే రోజు వస్తే నోరు మూసుకుని పడటమే. కింద ఎవరున్నారో చూసేవి కావు.

ఆ ఏడు కొండ మీద తుపాను విరుచుకుపడింది. గెడ్డ పొంగి పొలాల నిండా బురదా రాళ్లూ మేట వేసింది. వరద తీశాక ఊరంతా పారలు పట్టుకుని బయల్దేరింది. సుక్రి కూడా చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది. ఎప్పటిలాగే గట్టు మీది నల్లమద్ది కొమ్మకి చీర ఉయ్యాల కట్టి, పిల్లని పడుకోబెట్టింది.

"ఒలే సుక్రీ, ఆ చెట్టు కాస్త ఒరిగినట్టు లేదేటే?" అంది తోటికోడలు మంగ్లి.

"నీ కళ్లే ఒరిగాయక్కా! మా ఆయన్ని ఊపిన చెట్టది" అని నవ్వేసింది సుక్రి.

ఆమె చూడనిది ఒకటుంది. వరద ఆ చెట్టు వేళ్ల కింది మట్టినంతా తోడుకుపోయింది.

ఆ సంగతి మద్దికి తెలుసు. భయంతో ఆకులన్నీ వణికాయి.

"గాలీ, ఇవాళ ఇటు రాకు. నా చేతిలో పసిగుడ్డు ఉంది" అని బతిమాలింది.

"ఆగడం నాకు చేతకాదు" అంటూ లోయలోంచి గాలి పైకొచ్చింది.

ఒక వేరు తెగింది. చప్పుడు లేదు. ఇంకో వేరు తెగింది. సుక్రి వంగి బురద ఎత్తుతూనే ఉంది. చెట్టు నీడ మెల్లిగా ఆమె వైపు జరిగింది. ఆమె తల ఎత్తలేదు.

"తల్లిని పిలువు! పిలువు!" అంటూ చీమలు బెరడు దిగి పారిపోయాయి.

"చెట్టు మూలగడమా? మా పరువు తియ్యకు. నోరు మూసుకుని పడు" అన్నాయి చుట్టూ ఉన్న చెట్లు.

చీరలో పిల్ల నిద్రలోనే నవ్వింది.

అంతే. మద్ది తన మానుని తానే చీల్చుకుని గొంతు తెచ్చుకుంది.

"కిర్ర్ర్ర్..."

అలాంటి కేక సుక్రి పుట్టాక వినలేదు. పార విసిరేసి, బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తింది. ఉయ్యాలలోంచి పిల్లని లాక్కుని పక్కకి దూకింది. వెనకే మద్ది కూలింది. కొమ్మల కొసలు ఆమె వీపంతా గీరాయి.

పిల్ల ఏడుపు కొండంతా వినబడింది. ఆ ఏడుపు విని చెట్లన్నీ తలలు దించుకున్నాయి. ఒక్కొక్కటే గొంతు తెచ్చుకున్నాయి. కానీ తుపానుకి విరిగి పైన వేలాడుతున్న కొమ్మలకి ఆ గొంతు అందలేదు. అవి అప్పటికే మాను నుంచి తెగిపోయాయి.

అప్పటినుంచే చెట్టు కూలే ముందు కిర్రుమంటోంది. విరిగి వేలాడే కొమ్మ మాత్రం ఈనాటికీ చప్పుడు లేకుండా మీద పడుతుంది. తుపాను వెలిశాక తలెత్తి చూసి నడవండి, పిల్లలూ.

దిగువ ఊరివాళ్లు ఆ కిర్రు గాలిదని వాళ్ల పిల్లలకి చెబుతున్నారట. గాలి ఆ రోజు ఏం చేసిందో విన్నారుగా. మీలో ఎవరైనా వెళ్లి, అది మద్ది గొంతని వాళ్లకి సరిగ్గా చెప్పి రండి.