ఉప్పు కొఠారుకు నాలుగు తూములు

అనగనగా, గాలిని నాకినా ఉప్పగా తగిలే ఒక రేవు ఊరు. ఆ ఊళ్లో గవరయసెట్టి అనే ఉప్పు వర్తకుడు. జాలరులు చేపలు ఎండబెట్టుకోవాలంటే ఆయన ఉప్పే దిక్కు.

పాత కొఠారు కూలిపోతే, ఆ ఏడు సెట్టి పొడుగాటి పెంకుల కొఠారు కట్టించాడు. ఊరి ఉప్పంతా ఇక అందులోనే. చూరు సరిచేస్తుంటే మేస్త్రికి పిల్లలతో ఉన్న ఒక పిచ్చుక గూడు అడ్డొచ్చింది. లాగెయ్యబోయాడు.

"ఉండనీ అబ్బీ. బాలింతను వెళ్లగొట్టి కట్టిన ఇల్లు నిలవదు" అన్నాడు సెట్టి.

కప్పు మీది వాననీళ్లు పట్టడానికి చూరు చుట్టూ తాటిదోనెలు కట్టారు. "ఆ నీళ్లు కిందికి దిగాలి కదా, మూలకొక తూము పెడదామా సెట్టిగారూ?" అని మేస్త్రి అడిగాడు.

సెట్టి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నాలుగే! పోయే దారులు పెరిగితే సిరి జారిపోతుందని మా తాత చెప్పేవాడు. ఈశాన్యాన ఒక్కటి పెట్టు, చాలు."

భార్య పేరిందేవి నవ్వింది. "ఏమండీ, కొఠారు పొడుగు చూశారా?"

"నువ్వు వంటిల్లు చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నాను. చారు పొంగితే మీరు చెప్పిన మూలనే పొంగదు!"

మొదటి వాన పడింది. నైరుతి మూల నీళ్లు ఆ ఒక్క తూము దాకా ఎక్కడ నడిచి వస్తాయి? దారిలోనే దోనె నిండిపోయింది. నీళ్లు గోడ మీదుగా లోపలికి దూకాయి. గోడ పక్క ఉప్పురాశి కళ్లముందే కరిగి పారింది. సెట్టి గడపలో కూలబడ్డాడు.

చూరులోంచి పిచ్చుక తల బయటపెట్టింది. "సెట్టి మామా, నా పిల్లల్ని బతకనిచ్చావు. ఆ రుణం ఉంది కాబట్టి చెబుతున్నాను. కప్పు మీది నీటికి దగ్గరి దారి కావాలి. మూలకొక తూము పెట్టు. దోనెల్ని తూముల వైపు కాస్త వాల్చు."

"మరి సిరి?"

"ఇందాక నీ వాకిట్లోంచి పారింది ఏమిటి మామా?"

సెట్టి కరిగి పారిన ఉప్పు వైపు చూశాడు. తాతను తలచుకుని దణ్ణం పెట్టుకున్నాడు. మర్నాడే నాలుగు తూములు పెట్టించాడు. అయితే పొదుపు అలవాటు చావదు గదా! తూముల గొట్టాలు మనిషెత్తులోనే ఆపించాడు. "నీళ్లు దిగాయిగా, మిగతాది వాటి దారి అవే చూసుకుంటాయి" అన్నాడు.

రెండో వాన పడింది. దోనెలు పొంగలేదు. కానీ ఎత్తునుంచి పడ్డ నీళ్లు గోడ మొదట్లో గుంటలు తవ్వాయి. పునాది కింద నుంచి చెమ్మ లోపలికి పాకింది. ఉప్పు అడుగు నుంచి ముద్దయింది.

"మామా," అంది పిచ్చుక, "చుట్టాన్ని సాగనంపేటప్పుడు గడప దాకా వచ్చి తలుపేసుకుంటావా? వీధి చివరి దాకా వెళ్లవూ? నీళ్లనూ అలాగే సాగనంపు."

ఈసారి సెట్టి ఎదురు చెప్పలేదు. గొట్టాలు నేల దాకా దించాడు. కింద రాతిపలకలు పరిచాడు. అక్కడి నుంచి కొబ్బరితోట దాకా కాలువ తీశాడు. పక్కింటి వైపు చుక్క పోకుండా గట్టు కూడా వేశాడు.

మూడో వాన తుఫానుగా వచ్చింది. కొబ్బరిచెట్లు వంగిపోయాయి, పడవలు ఒడ్డెక్కాయి. సెట్టి, పేరిందేవి రాత్రంతా తూముల హోరు వింటూ కూర్చున్నారు. తెల్లవారగానే కొఠారు తలుపు తీశాడు సెట్టి. ఉప్పు తెల్లగా, పొడిగా గలగలమంది. తోటలోకి కాలువ నిండుగా పారుతోంది.

జాలరుల పెద్ద పోలయ్య బుట్ట పట్టుకొచ్చాడు. "అన్ని ఊళ్లలోనూ ఉప్పు నీళ్లపాలైందట బాబూ. మీ చలవతో మా చేపలు దక్కాయి."

"నా చలవ కాదు పోలయ్యా. అదిగో, ఆ పైనున్న ఆవిడ చలవ" అన్నాడు సెట్టి, చూరు వైపు చేతులు జోడించి.

"ఆవిడ కన్నా మొదట చెప్పింది నేను కదండీ!" అంది పేరిందేవి.

"నీకూ దణ్ణమే తల్లీ!" అన్నాడు సెట్టి. ముగ్గురూ నవ్వారు.

అప్పటినుంచి కొత్త పంట వచ్చిన ప్రతిసారీ సెట్టి తన చేతులతోనే ప్రతి తూము పక్కన పిచ్చుకలు తినేందుకు ఒక వరికుచ్చు కట్టేవాడు. వంటింట్లోకి వెళ్లి, భార్యను సలహా కూడా అడిగేవాడు.

రాబోయే నీటికి ముందే దారి చూపినవాడి ఇంట సిరి నిలుస్తుంది. ఆ దారి చెప్పినవారిని మరవనివాడి ఇంట కలకాలం నిలుస్తుంది.