ఎర్ర అంచు కంబళి

ఎవ్వని కృప ఆకసముకంటె ఎత్తైనదో, ఎవ్వని జాలి సముద్రముకంటె లోతైనదో, నలిగిన హృదయమును ఎవ్వడు త్రోసివేయడో, ఆ కరుణామూర్తికి మ్రొక్కి ఈ కథ ఆరంభించుచున్నాను. ఇది ఎరిగి చంపి, ఎరుగక చంపితినని చెప్పి బ్రతికిన యొక గొడ్డలివాని కథ. వాని కొరకు గడప దాటినవాని కథయు నిదియే.

కొండమీద తెల్లని గోడలు గల యొక పురము ఉండెను. దానిని ఆశ్రయపురమందురు. ఆ దేశపు ధర్మమిది: పొరపాటున ఒకని ప్రాణము తీసినవాడు ఆ పురములోనికి పరుగెత్తి రావచ్చును. లోపల నున్నంతకాలము మృతుని బంధువు వానిని తాకరాదు. గడప దాటినచో కత్తికి అడ్డులేదు. దేశమునకు ప్రధాన యాజకుడైనవాడు మరణించిననాడు మాత్రము వారందరు విడుదల పొంది తమ తమ ఇండ్లకు పోవుదురు. ఆ మరణము వారి రక్తాపరాధమును కప్పివేయును. తెలిసి చంపినవానికి మాత్రము ఆ పురమున చోటు లేదు.

కాబట్టి లోపలివారు ఉదయము లేవగానే అడుగు మాట ఒక్కటే: యాజకునికి ఒంట్లో ఎట్లున్నది? ఈ సంగతి యాజకుని తల్లి ఎరుగును. అందుచేత ఆమె ప్రతి శీతకాలమున తన చేత నేసిన కంబళ్లు మోపించుకొని వచ్చి, ఒక్కొక్కనికి ఒక్కొక్క రంగు అంచు గలదానిని కప్పి పోవుచుండెను; గొడ్డలివానిది ఎర్ర అంచు. తన కంబళి కప్పుకొన్నవాని నోట తన కొడుకు చావు వెడలదని ఆమె నమ్మకము.

"అయ్యగారికి దగ్గు పట్టుకుందట," అనెను ఒక ముసలివాడు, గోడకు ఆనుకొని ఎండ కాగుచు.

"నోరు మూసుకో తాతా. ఆ తల్లి కంబళి కప్పుకుని ఆ మాట ఎలా వస్తుంది నీకు?" అనెను ప్రక్కవాడు.

"నేనేం కోరుకున్నాను? దగ్గు అన్నాను. దగ్గు అందరికీ వస్తుంది."

"కంబళి తీసి అవతల పెట్టి అను. అప్పుడు వింటాను."

అందరు నవ్విరి. గొడ్డలివాడు నవ్వలేదు. యాజకుడు కలకాలము బ్రతుకవలెనని నిజముగా ప్రార్థించువాడు ఆ పురమున వాడొక్కడే.

దానికి కారణము కలదు. వాడును వాని చెలికాడును కట్టెలకై అడవికి పోయిరి. పెండ్లి పందిరిలో నలుగురి యెదుట చెలికాడు తన్ను వెక్కిరించినాడన్న కసి గొడ్డలివాని లోపల రగులుచుండెను. చెలికాడు వంగి కట్టెలు ఏరుచుండగా వాడు గొడ్డలి విసరెను. పిమ్మట పిడినుండి గొడ్డలిని తానే ఊడదీసి, జారి తగిలినదని పెద్దలకు చూపెను. పెద్దలు నమ్మిరి. మృతుని అన్న నమ్మలేదు. అతడు ద్వారమునకు ఎదుటనున్న మిట్టమీద గుడిసె వేసికొని, ఎర్ర అంచు కంబళివాడు ఎప్పుడు గడప దాటునా యని కత్తితో కాచియుండెను.

విడుదలనాడు ప్రతివాడును ద్వారముకడ చేయెత్తి, ఎరుగక చేసితినని దేవుని పేర ప్రమాణము చేయవలెను. మనుష్యుల యెదుట ఆడిన అబద్ధమును యాజకుని శవము నెదుట దేవునితో మరల ఆడుటెట్లు? ఆడనిచో కత్తి. ఈ తలపు వాని ఎముకలను తినుచుండెను.

ఆ శీతకాలమున తల్లి వచ్చి క్రొత్త కంబళి కప్పబోగా వాడు వెనుకకు జరిగెను.

"ఏం నాయనా, రంగు నచ్చలేదా?"

"నాకు కప్పొద్దమ్మా. గొడ్డలి జారలేదు. నేనే విసిరాను. పిడి ఊడదీసింది కూడా నేనే."

ఆమె కంబళిని మడచి చంకన పెట్టుకొనెను. "ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పను? తెలిసి చేసినవాడికి ఇక్కడ చోటు లేదు గదమ్మా."

"మా వాడికి చెబుతాను," అని ఆమె వెడలిపోయెను.

వేకువన యాజకుడే వచ్చెను. "నీ కంబళి ఇలా ఇయ్యి," అనెను.

"ఎందుకు స్వామీ?"

"బయట చలిగా ఉంది."

"బయట నా కోసం కత్తి కూడా ఉంది."

"తెలుసు. అందుకే నీది అడుగుతున్నాను."

గొడ్డలివాడు ఆయన కాళ్లు పట్టుకొనెను. "వద్దు స్వామీ. అది నాకు రావలసిన చావు. నేనే పోతాను."

"నువ్వు పోతే నువ్వొక్కడివే చస్తావు. నేను ముసలివాణ్ణయి మంచం మీద పోతే వీళ్లంతా బయటికి వెళతారు, నువ్వు మిగిలిపోతావు. నిన్ను వదిలి వెళ్లడం నాకు ఇష్టం లేదు."

ఆయన ఎర్ర అంచు కంబళిని తలమీదుగా కప్పుకొని గడప దాటెను. మిట్టమీదివాడు దిగి వచ్చెను. "ఇన్నాళ్లకు దొరికావురా," అనెను. ఆయన కంబళిని ముఖముమీదికి లాగుకొనెను. కత్తి భుజముమీద పడెను. కంబళి తొలగెను. తొలివెలుగులో ఆ ముఖము చూచి కొట్టినవాడు యాజకుని గుర్తుపట్టెను. వాడు ద్వారమునకు పరుగెత్తి, "తెలియక చేశాను, నన్ను లోపలికి రానివ్వండి," అని తలుపులు బాదెను.

కావలివాడు తలుపు తీసి, నేలమీద పడియున్నవానిని చూచి, కన్నులు తుడుచుకొనెను. "లోపలికెందుకయ్యా నీకు? నువ్వు చంపింది యాజకుణ్ణి. ఆయన పోతే, తెలియక చంపినవాళ్లందరికీ విడుదలే. అందరిలో మొదటివాడివి నువ్వు."

గోడమీద బూర మ్రోగెను. లోపలివారు ఒక్కొక్కరే చేయెత్తి ప్రమాణము చేసి వెలుపలికి వచ్చిరి. కడపట గొడ్డలివాడు వచ్చెను.

"చెయ్యెత్తు," అనెను కావలివాడు.

"ఎత్తను. నేను తెలిసే చేశాను."

అందరి చూపులును చెలికాని అన్నవైపు తిరిగెను. కత్తి అతని పాదములయొద్దనే యుండెను. అతడు దానిని చూచెను; నెత్తుట తడిసిన కంబళిని చూచెను.

"ఎర్ర అంచు కంబళివాణ్ణి నేను పొద్దునే చంపేశాను," అనెను తుదకు. "ఒకణ్ణి రెండుసార్లు చంపమని ఏ ధర్మమూ చెప్పదు. ఇలా రా. పాడెకు ఇంకో భుజం కావాలి."

వారిద్దరును పాడె ముందు కర్రలు ఎత్తుకొనిరి. బూరలు మ్రోగుచుండగా విడుదల పొందినవారు కొండ దిగిరి. కొంత దూరము పోగానే భారము తగ్గసాగెను. మరికొంత దూరమునకు భుజములమీద ఏమియు లేనట్లుండెను.

"దించి చూద్దామా?" అని చెలికాని అన్న మెల్లగా అడిగెను.

"పాడెలో ఏముంది నాయనా, ముందుకు చూడండి," అనెను వెనుకనుండి తల్లి. ఆమె కంఠమున దుఃఖము లేదు.

చూచిరి. ఊరేగింపునకు ముందు, అందరికంటె ముందు, ఒకడు నడచుచుండెను. అతని భుజముమీది గాయము క్రొత్త సూర్యునివలె వెలుగుచుండెను. ఇంటి దారి మరచిన ముసలివాండ్రు ఆ వెలుగువెంట పాడుచు పోవుచుండిరి.

ఈ కథ వినినవారికి, వినిపించినవారికి, గోడల లోపల నిజము దాచుకొని వణకువారికి, గోడల వెలుపల కత్తి పట్టి కాచియున్నవారికి, ఆ దయామయుడు తన శాంతిని అనుగ్రహించి, వారిని ఇంటికి చేర్చును గాక.