సూదులమ్మ, పరిమళమ్మ, మూడు రాత్రుల బస

ఈ కథ అబద్ధమని అనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, పిల్లలూ. మధ్యలో లేస్తే మాత్రం ఊరుకునేది లేదు. ఇందులో ఒక్క మాట కూడా పెంచింది కాదు. నిజానికి కొంత తగ్గించి చెప్పాల్సి వస్తోంది. జరిగింది జరిగినట్టు చెబితే మీరు తెరిచిన నోళ్ళు మూయడం మరిచిపోతారు, ఈగలు దూరతాయి.

ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. అక్కడి ఇప్పచెట్లు ఎంత ఎత్తంటే, చిటారు కొమ్మ నుంచి రాలిన పువ్వు నేలకు చేరేలోపు దారిలోనే ఎండిపోయేది. అందుకే అక్కడ అందరూ ఎండు ఇప్పపూలతోనే కొనుగోళ్ళు జరిపేవారు. ఎలుగుబంట్లు, గబ్బిలాలు, ఒంటినిండా పొలుసులుండే అలుగులు, తాబేళ్ళు, ముళ్ళపందులు, పునుగుపిల్లులు అందరూ ఆ అడవిలో ఉండేవారు. ఒక చిరుత కూడా ఉండేది. అది ఒక్కసారి ఆవులిస్తే మూడు కొండల అవతలి కోతులు చెట్లు మారేవి. దాని భయానికి, ప్రయాణాల్లో ఎవరూ ఆరుబయట పడుకునేవారు కాదు. పొద్దు వాలేసరికి ఏదో ఒక బసలో తల దాచుకోవాల్సిందే.

ఆ అడవిలో సూదులమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమె అక్క గుండ్లవాగు అవతల కాపురం ఉండేది. అక్కను చూసి మూడేళ్ళయింది. రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ ఆమె కన్నా వాన ముందు వచ్చింది. తొలి వాన పడిందంటే గుండ్లవాగు పొంగుతుంది, ఇక చలికాలం దాకా తెప్ప కదలదు.

ఈసారి సూదులమ్మ వేసవి మొత్తం పూలు ఏరింది. నూరు పూలు కూడబెట్టి, తల మీద, భుజాల మీద ఉన్న ముళ్ళకు ఒక్కొక్కటిగా గుచ్చుకుంది. ముందునుంచి చూస్తే పూసిన ఇప్పచెట్టు నడిచివస్తున్నట్టుండేది. నడుము నుంచి వెనకంతా ఒట్టి ముళ్ళే. కానీ ముళ్ళపంది వెనకాల నడిచే సాహసం ఎవరు చేస్తారు? కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నాలుగు రోజుల దారి, మూడు రాత్రుల బస. తోడుగా వస్తానని ఆమె స్నేహితురాలు పరిమళమ్మ ముందుకొచ్చింది. పరిమళమ్మ పునుగుపిల్లి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. తన ఒంటి సువాసన అంటే ఆమెకు మహా గర్వం. "రాజులొచ్చి అడిగినా ఈ వాసన చెంచాడు కూడా ఇవ్వను," అనేది. ఎనభై పూలు చిన్న సంచిలో వేసి మెడకు కట్టుకుంది.

ఇక్కడే తప్పు జరిగింది, వినండి. ఇప్పలకోనలో ఒక ఆచారం ఉంది. తోడు వచ్చేవాళ్ళను "నీ దగ్గర ఎన్ని పూలున్నాయి?" అని అడగకూడదు. అడిగితే మర్యాద తక్కువ. అందుకని ఇద్దరూ అడగలేదు. సూదులమ్మ ఆ చిన్న సంచిని చూసి, 'మా వదిన పొదుపుగానే ఉంటుందిలే' అనుకుంది. పరిమళమ్మ ఆ పూలచెట్టును చూసి, 'మా వదినకు లోటేముంది' అనుకుంది.

మొదటి సాయంత్రం పరిమళమ్మ దారి చూపగా వాళ్ళు ఎలుగుబంటి దొర గుహ ముందుకు చేరారు. ఆ గుహ ఎంత పెద్దదంటే, ఒక మూల వాన కురుస్తుంటే ఇంకో మూల ఎండ కాసేది. మెత్తటి నాచు పరుపులు, రాగానే నాకడానికి తేనె, లోపలే ఊటనీళ్ళ స్నానం.

"తలకు నలభై పూలు," అన్నాడు ఎలుగుబంటి దొర, గోళ్ళు చూసుకుంటూ.

సూదులమ్మ గుండె జారి కాళ్ళ దగ్గర పడింది. తెప్ప కూలి ఒక్కటే తలకు ముప్పై పూలు. ఇంకా రెండు రాత్రుళ్ళున్నాయి. చెబుదామనుకుంది కానీ మొహమాటం అడ్డొచ్చింది.

"ఏం వదినా, నచ్చలేదా?" అంది పరిమళమ్మ.

"అబ్బే, చాలా బాగుంది," అంది సూదులమ్మ. నలభై పూలు పీకి ఇచ్చింది. ఒక్కో పువ్వు పీకుతుంటే ముల్లు పీకినట్టే ఉంది.

పరిమళమ్మ అంతటితో ఆగలేదు. ఇంకో ఇరవై పూలు ఇచ్చి తులసాకుల స్నానం కూడా చేయించుకుంది. పరుపు ఎంత మెత్తగా ఉన్నా సూదులమ్మకు కన్ను మూతపడలేదు. తెల్లవార్లూ లెక్క వేసుకుంది. తెల్లారేసరికి దిగులు పోయి, ఉక్రోషం వచ్చింది. అయినా నోరు విప్పలేదు. మనసులోనే ఒక నిర్ణయం తీసుకుంది.

రెండో సాయంత్రం సూదులమ్మే దారి చూపించింది. తిన్నగా గబ్బిలాల సత్రానికి తీసుకెళ్ళింది. పాడుపడ్డ పెద్ద చెట్టు తొర్ర అది. లోపల లక్ష గబ్బిలాలు. తక్కువ చెప్పాను, రెండు లక్షలు.

"తలకు ఒక్క పువ్వు," అంది గబ్బిలాల అవ్వ. "తలకిందులుగా పడుకుంటే అదీ వద్దు."

"ఇదేం బస వదినా?" అంది పరిమళమ్మ ముక్కు మూసుకుని.

"నిన్న నీ ఇష్టం, ఇవాళ నా ఇష్టం," అంది సూదులమ్మ. పువ్వు తీసి అవ్వ చేతిలో పెట్టింది.

ఇక ఆ రాత్రి పైనుంచి ఏం పడిందో, ఎంత పడిందో చెప్పడం మర్యాద కాదు. పరిమళమ్మ ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు జరిగింది. ఎటు జరిగినా అటే పడింది. తెల్లారి బయటికి వచ్చేసరికి ఆమె పేరు పరిమళమ్మ అంటే తుమ్మెదలు కూడా నమ్మలేదు.

సత్రం గుమ్మంలోనే మొదలైంది గొడవ.

"కావాలనే తెచ్చావు నన్నిక్కడికి," అంది పరిమళమ్మ.

"అవును, కావాలనే. మొన్నటి నుంచి నువ్వు దొరసానిలా ఉన్నావు. దించుదామని తెచ్చాను."

"వీపు మీద ఇప్పచెట్టు మోస్తూ ఇంత పీనాసితనమా? మీ ఇంట్లో పూలు పాతిపెట్టుకుంటారా?"

"నీకు తేనె నాకనిదే నిద్ర రాదు. మీ అమ్మ నిన్ను తేనెపట్టులో కన్నదా?"

"ఇవాళ రాత్రి నీతో ఉండను. కొమ్మ మీద పడుకుంటాను."

"పడుకో. చిరుతకు కూడా చెట్టెక్కడం వచ్చు."

సూదులమ్మ విసురుగా వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. అప్పుడు, ప్రయాణం మొదలైన తరువాత మొదటిసారి, పరిమళమ్మ ఆమె వీపు వెనకభాగం చూసింది. అక్కడ ఒక్క పువ్వు కూడా లేదు. ముందు కూడా సగం దాకా ముళ్ళు బోసిగా ఉన్నాయి.

"ఆగు వదినా," అంది పరిమళమ్మ. "నీ పూలేవి?"

"అవే పూలు. వెనకెప్పుడూ లేవు."

"మరి మొన్న ఎలుగుబంటి దగ్గర బాగుందన్నావు?"

"బాగుంది కాబట్టి బాగుందన్నాను. నా దగ్గర లేవని చెప్పడానికి నోరు రాలేదు."

పరిమళమ్మ మెడకు కట్టుకున్న సంచి విప్పింది. లోపలికి తొంగిచూసింది, తల దించుకుంది. "నా దగ్గర పంతొమ్మిదే మిగిలాయి. తెప్ప కూలికి కూడా చాలవు. నువ్వున్నావు కదా అని ఖర్చుపెట్టేశాను."

ఇద్దరూ ఒక బండ మీద కూర్చున్నారు. పడమటి దిక్కున మబ్బు చీమంత కనిపిస్తోంది. వాళ్ళు చూస్తుండగానే అది ఏనుగంత అయింది.

సూదులమ్మ తన పూలన్నీ పీకి బండ మీద పోసింది. యాభై తొమ్మిది. ఆమె ఒక్కతే అయితే ఏ బెంగా లేదు. ఆ రాత్రి మంచి బసే తీసుకోవచ్చు, మర్నాడు దర్జాగా వాగు దాటవచ్చు. పరిమళమ్మకు అది తెలుసు. అందుకే ఏమీ అడగకుండా నేల చూస్తూ కూర్చుంది.

సూదులమ్మ ఆ పంతొమ్మిది పూలను లాగి తన కుప్పలో కలిపేసింది. అందులోంచి అరవై తీసి పక్కన పెట్టింది.

"ఇవి తెప్పకు. వీటిని చిరుత వచ్చి అడిగినా ఇవ్వను. మిగిలినవి పద్దెనిమిది. రేపు వాగు దాటడం తప్ప నాకింకేమీ అక్కర్లేదు. ఇప్పుడు నువ్వు చెప్పు. ఏది లేకపోతే నీకు నిద్ర పట్టదు? ఒక్కటే చెప్పాలి."

పరిమళమ్మ పరుపు అందామనుకుంది, ఊరుకుంది. తేనె అందామనుకుంది, ఊరుకుంది. చివరికి, "పైనుంచి నా మీద ఏమీ పడకూడదు. అంతే," అంది.

"అంతేనా? ఇంత చిన్న సంగతి మొన్ననే చెబితే ఏం పోయింది?"

"నువ్వు చెప్పావా?" అంది పరిమళమ్మ. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుకు బండ కింద పడుకున్న తొండ ఉలిక్కిపడి లేచి, తన తోకనే తాను తొక్కింది.

దారిలో ఒక మడుగులో ఒళ్ళు కడుక్కుని, మూడో సాయంత్రం వాళ్ళు అలుగు బంగారప్ప బసకు చేరారు. రాతి కప్పు, పొడి నేల, గట్టి తలుపు. అన్నీ బాగున్నాయి. అయితే బంగారప్ప పగలూ రాత్రీ చీమలు తినేవాడు. బస మొత్తం పుల్లటి చీమల కంపు.

"తలకు పదిహేను," అన్నాడు బంగారప్ప. "బేరాలు లేవు."

"గదులెన్ని ఖాళీగా ఉన్నాయి, అన్నా?" అంది సూదులమ్మ.

"ఎనిమిది."

"మొత్తం ఎన్ని?"

బంగారప్ప కాసేపు పొలుసులు సవరించుకున్నాడు. "ఎనిమిదే," అన్నాడు.

సూదులమ్మ పరిమళమ్మ వైపు చూడలేదు. ఏమీ అడగలేదు. పరిమళమ్మ మాత్రం పైకి చూసింది. రాతి కప్పు మీద ఒక్క గబ్బిలం లేదు. ఆమె గట్టిగా ఊపిరి పీల్చి, ఒక మెట్టు దిగింది. అంటే, మెట్టు మీంచి కాదు, తన గొప్ప మీంచి.

"అన్నా, నీ ఎనిమిది గుమ్మాలకూ నా పునుగు రాస్తాను. పొద్దుటికి ఈ కంపు ఉండదు. ఇద్దరికీ కలిపి పదిహేను తీసుకుంటావా?"

"రాజులకు కూడా ఇవ్వనిదానివని విన్నానే," అన్నాడు బంగారప్ప.

"రాజులకు తెప్ప కూలి తక్కువ పడలేదు, అన్నా. నాకు పడింది."

ఆమె ఎనిమిది గుమ్మాలకూ ఒళ్ళు రాసింది. రాసీ రాసీ చేతులు, నడుము పట్టేశాయి. ఆ సువాసనకు, పిల్లలూ, ఏడు క్రోసుల దూరంలో తపస్సు చేసుకుంటున్న కొంగ కళ్ళు తెరిచి, ఎవరింట్లో పెళ్ళని అడిగింది. బంగారప్ప పదిహేను పూలు తీసుకుని, ఇంకో దుప్పటి తనంతట తానే తెచ్చి ఇచ్చాడు.

ఆ రాత్రి పరిమళమ్మ మూడుసార్లు లేచి కప్పు చూసింది. ఏమీ పడలేదు. సూదులమ్మ రెండుసార్లు లేచి అరవై పూలూ చూసుకుంది. అన్నీ ఉన్నాయి. తరువాత ఇద్దరూ మొద్దుల్లా నిద్రపోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి గుండ్లవాగు రేవు చేరారు. ఆకాశం కాటుక పెట్టుకున్నట్టుంది. తాబేలు తాత తెప్ప తాడు విప్పుతున్నాడు.

"ఇదే ఆఖరి తెప్ప," అన్నాడు తాత. "కూలి ఉందా, ఊరికే చూడ్డానికొచ్చారా?"

సూదులమ్మ ముప్పై, పరిమళమ్మ ముప్పై తాత ముందు పెట్టారు. తాత ఒక్కో పువ్వును తిప్పి తిప్పి చూస్తున్నాడు. అటు ఉరుము మీద ఉరుము.

"తాతా, అవతల ఒడ్డున కూర్చుని చూసుకోవచ్చు కదా," అంది సూదులమ్మ.

"అవును సుమా," అని తాత తెప్ప తోశాడు.

అవతలి ఒడ్డున సూదులమ్మ కాలు పెట్టీ పెట్టగానే తొలి చినుకు పడింది. గుమ్మడికాయంత చినుకు. రెండో చినుకుకు రేవు మునిగింది. మూడో చినుకుకు గుండ్లవాగు సముద్రంలా అయి, తాబేలు తాత తెప్పను చెట్టుకొమ్మకు కట్టుకోవాల్సి వచ్చింది.

గట్టు మీద ఆమె అక్క తడుస్తూ నిలబడి ఉంది. ముళ్ళపందులు కావలించుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా. ముక్కుకు ముక్కు ఆనించి, ఆ వానలో అలాగే ఉండిపోయారు. సూదులమ్మకు గుండెలోని బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది.

"ఈసారి కూడా రావనుకున్నాను," అంది అక్క.

"రాకపోయేదాన్నే," అంది సూదులమ్మ. "మా వదిన ఎనిమిది గుమ్మాలకు ఒళ్ళు రాసి తీసుకొచ్చింది."

ఇక చలికాలం దాకా తిరిగి వెళ్ళే దారి లేదు. అక్క వాళ్ళ బొరియలో ఇద్దరికీ నాలుగు నెలలు చోటు దొరికింది. మొదటి సాయంత్రమే పరిమళమ్మ సూదులమ్మను పక్కకు పిలిచి, తిరుగు ప్రయాణంలో ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఎన్ని పూలు పెట్టాలి అని మాట మొదలుపెట్టింది. సూదులమ్మ పిసరంత కూడా దాచకుండా చెప్పింది.

నీతి: స్నేహితులతో ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఎంత ఖర్చు పెట్టగలమో, ఏది లేకపోతే కుదరదో బయల్దేరే ముందే చెప్పుకోవాలి; గొప్పకు పోయినా, మొహమాటపడినా ఇద్దరికీ కష్టమే, ఇద్దరూ కొంత కొంత తగ్గితే బసా దొరుకుతుంది, స్నేహమూ నిలుస్తుంది. నమ్మనివాళ్ళు వెళ్ళి అడగవచ్చు, ఆ రోజు గుండ్లవాగులో ఈదుతూ అంతా కళ్ళారా చూసిన బుడుబుంగ పిట్ట పేరు చెంగమ్మ.