కోరపన్ను మీద కొక్కెం

"జారిపోతుందేమోనని భయం వేసినప్పుడు పట్టు బిగించడం తప్పా స్వామీ?"

ఈ ప్రశ్న అడిగినవాడు సోమలింగాచారి. అడిగింది మా గురువు పరదేశిదాసు గారిని. ఆ పాదాలకు మనసులోనే ఒక దండం పెట్టుకుని, ఆ తరవాత జరిగింది మీకు చెబుతాను. అందరూ సర్దుకుని కూర్చోండి. వెనక ఉన్న అమ్మలు కాస్త ముందుకు జరగండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

మా మఠం నాగావళి ఒడ్డున పెద్దిపేటలో ఉండేది. మఠమంటే గోపురాలూ మండపాలూ ఊహించుకోకండి. రేకుల కప్పు, ముందొక సిమెంటు అరుగు, మూలన ఒక తంబురా. పౌర్ణమి సాయంత్రాల్లో అక్కడ చేరి తత్త్వాలు పాడుకునేవాళ్ళం. స్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. కోపం ఎలా పోతుందని అడిగినవాడి ముందు చింతపండు గుట్ట పోసి గింజలు తియ్యమన్నారు. ఆ గుట్ట తరిగేలోపు ప్రశ్న అయినా పోయేది, మనిషైనా పారిపోయేవాడు. నిలబడ్డవాడికి మాత్రం చింతగింజలతో పాటు ఇంకేదో చేతికి అందేది.

సోమలింగాచారి నిలబడే రకమే. బజారు వీధిలో బంగారప్పని. చిన్న ముక్కెర మీద నెమలిని నిలబెట్టి, దాని తోక కూడా విప్పించగల చెయ్యి ఆయనది. కానీ ఆ వృత్తి ఎలాంటిదో మీకు తెలుసు. ఎదుటివాడు తెచ్చింది మేలిమి బంగారమని ఆయన నమ్మడు. ఆయన చేసిచ్చింది మేలిమి బంగారమని ఎదుటివాడు నమ్మడు. పొద్దస్తమానం గీటురాయి మీద గీసి చూసుకోవడమే. దుకాణంలో అది ధర్మం. ఆయన ఆ గీటురాయిని ఇంటికి కూడా పట్టుకెళ్ళాడు, అక్కడ వచ్చింది చిక్కు.

ఆయన భార్య వరహాలమ్మ. మాట మెత్తన, నవ్వు మాత్రం గట్టిది, అరుగు మీద నవ్వితే వీధి మలుపు దాకా వినిపించేది. ఆవిడ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక గుడ్డసంచి పట్టుకుని బయటికి వెళ్తుంది. దీపాల వేళకు వస్తుంది. ఎక్కడికని అడిగితే "ఊరికే" అంటుంది. అంతే సంగతి. ఆ "ఊరికే" అన్న మాట సోమలింగాచారి గుండెలో ముల్లులా దిగింది. అందుకే ఆ వైశాఖ పౌర్ణమినాడు, అందరూ వెళ్ళిపోయే దాకా కాచుకుని, ఆ ప్రశ్న అడిగాడు. నేను చాపలు చుడుతూ అక్కడే ఉన్నాను.

స్వామి నోట్లో వేళ్ళు పెట్టి పళ్ళ సెట్టు బయటికి తీశారు. ఉత్తరీయం కొసతో తుడిచి, ఆచారి ముందుకు చాపారు. ముందరి పళ్ళు లేని నోట్లోంచి మాట బుస్సుమంటూ వచ్చింది.

"ఇదీ జారిపోతుందేమోనని అనిపిస్తోంది నాయనా. కాస్త చూడు."

చిగుళ్ళ రంగు పలక, దాని మీద నాలుగు పళ్ళు, అటొకటి ఇటొకటి ఉక్కుతీగ కొక్కేలు. ఒక కొక్కెం స్వామికి మిగిలి ఉన్న కుడి కోరపన్నును కౌగిలించుకుంటుంది, రెండోది ఎడమ దవడపన్నును. ఈ మధ్య ఎముకలోకి మర దింపి, దాని మీద చొక్కాగుండీలా టక్కున నొక్కి పెట్టుకునేవి వచ్చాయట. అయస్కాంతంతో అతుక్కునేవి ఉన్నాయట. జిగురు పూసుకునేవి సరేసరి. మీలో ఎవరెవరి నోట్లో ఏవేవి ఉన్నాయో నేను అడగను, మీరు నా నోటి సంగతి అడక్కండి. స్వామిది మాత్రం పాతకాలపు కొక్కేల సెట్టు. ఎన్ని రకాలు వచ్చినా ఒకటి గుర్తుంచుకోండి. పెట్టుడు పన్ను తనంతట తాను నిలవదు. బతికున్న దేన్నో ఒకదాన్ని పట్టుకునే నిలుస్తుంది.

ఆచారి దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఎప్పుడైనా ఊడిందా స్వామీ?"

"లేదు."

"తినేటప్పుడు? పాడేటప్పుడు?"

"కొంచెం కదులుతుంది. ఊడలేదు."

ఆచారి కళ్ళు చిన్నవయ్యాయి. "కదులుతోందంటే ఊడటానికి దారి చూసుకుంటోందన్నమాటే. పెట్టిందెవరు?"

"టౌన్లో పళ్ళ డాక్టరమ్మ."

"ఆవిడ కావాలనే వదులుగా వంచి ఉంటుంది. బిగించి పంపిస్తే మీరు మళ్ళీ ఎందుకు వెళ్తారు?"

మఠంలో అంట్లు కడిగే నూకాలమ్మ అక్కడే ఉంది. స్వామిని బస్సులో టౌనుకు తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఆవిడే. "డాకటరమ్మ ఏటి సెప్పినాదంటే..." అని ఏదో అనబోయింది. "అమ్మా, ఒక చెంబు మంచినీళ్ళు పట్రా" అన్నారు స్వామి. ఆవిడ వెళ్ళిపోయింది. ఆచారి జేబులోంచి సన్నముక్కు పట్టకారు తీసి, తీగను సుతారంగా లోపలికి వంచాడు. స్వామి సెట్టు పెట్టుకున్నారు. టక్కుమంది.

"ఇప్పుడు?"

"కదలడం లేదు నాయనా."

"అదీ!" అన్నాడు ఆచారి. తన ప్రశ్నకు జవాబు దొరికిందనుకుని సంతోషంగా ఇంటికి వెళ్ళాడు.

మరుసటి పౌర్ణమికి స్వామి మళ్ళీ సెట్టు తీసి చాపారు. "మళ్ళీ వదులైంది నాయనా." ఆచారి ఆశ్చర్యపోయాడు. తన చెయ్యి వంచిన తీగ నెల తిరక్కుండా వదులవడమా? మళ్ళీ బిగించాడు. బిగిస్తూ ఇంటి సంగతి చెప్పాడు. శుక్రవారాలు భార్య ఎటు వెళ్తోందో చూసి చెప్పమని వీధి చివర కిరాణా కొట్టతనికి అప్పజెప్పాడట. ఆ పై నెలలోనూ అదే మాట, అదే బిగింపు. ఈసారి భార్య ఫోను తన దగ్గర పెట్టుకున్నాడట. ఆ పై నెలలో బిగిస్తున్నప్పుడు ఆయన ముఖంలో కొంత వెలుగు కూడా ఉంది.

"ఇప్పుడు ఎదురుమాట లేదు స్వామీ. ముందంతా ఒకటంటే రెండనేది. ఇప్పుడు అడిగినదానికి జవాబు, అంతే. దారికొచ్చింది."

స్వామి నాలుకతో కోరపన్నును ఒకసారి తడుముకున్నారు.

శ్రావణంలో ఒకసారి ఆవిడను కూడా వెంట తీసుకొచ్చాడు. ఆవిడ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. స్వామి పలకరించారు. "ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉంది స్వామీ" అన్నాడు ఆచారి.

స్వామి ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఆవిడ "ఉన్నాను స్వామీ" అంది. ఆ సాయంత్రం తత్త్వాల మధ్యలో ఎవరో పదం తప్పి పాడితే అరుగంతా గొల్లుమంది. వరహాలమ్మ నవ్వలేదు. నవ్వడం లేదని మేమెవరమూ గమనించలేదు, ఇంటికెళ్ళాక గుర్తొచ్చింది.

శుక్రవారాలు ఆవిడ ఎక్కడికి వెళ్ళేదో మీకూ తెలుసుకోవాలని ఉంది కదూ? ముందు వరసలో పెద్దాయన ఇందాకటినుంచీ మెడ చాచే ఉన్నారు. నాకూ ఉండేది. ఉండబట్టలేక ఒకనాడు స్వామినే అడిగాను. "నేను ఆవిడని అడగలేదు నాయనా" అన్నారు. అందుచేత నాకూ తెలియదు, మీకూ తెలియదు. తెలియకపోతే మీకు నిద్ర పట్టదేమో, ఆ సంగతి మీరు చూసుకోండి.

భాద్రపదం వచ్చేసరికి ఆచారికి పళ్ళ సెట్టు మీద పంతం పట్టుకుంది. తను బిగించడమేమిటి, అది వదులవడమేమిటి? ఇందులో ఎవరిదో చెయ్యి ఉంది. మఠంలో ఒక్కొక్కరి ముఖమే పట్టిపట్టి చూశాడు. నన్ను కూడా చూశాడు. నాయనలారా, ఏ పాపం ఎరగనివాణ్ణి, ఆ చూపుకు నేనే తీగ వంచానేమోనని నాకే అనుమానం వచ్చింది! చివరికి ఆ చూపు నూకాలమ్మ మీద ఆగింది. రాత్రిపూట స్వామి సెట్టు తీసి నీళ్ళగిన్నెలో పెడతారు, పొద్దున ఆ గిన్నె కడిగేది ఆవిడే.

"గిన్నె కడిగేటప్పుడు తీగ పట్టుకుని లాగుతున్నావా?"

నూకాలమ్మ చీపురు కింద పడేసింది. "ఏటి బాబూ, నానా? నా సేతిలో సీపురు, నీ జేబులో పట్టకారు. అనుమానం నా మీదా?"

"మరి ఎవరూ ముట్టుకోకుండా అదెలా వదులవుతుంది?"

"అది నన్నేటి అడుగుతావ్? నోరున్నాయన్ని అడుగు."

ఆచారి అడగలేదు. అసలు రాత్రిపూట సెట్టు తియ్యడమే తప్పని తేల్చాడు. "తీసి పక్కన పెడుతున్నారు కనకే ఎవరో ముట్టుకుంటున్నారు. ఇకనుంచి తియ్యకండి స్వామీ, రాత్రీ పగలూ నోట్లోనే ఉండాలి." స్వామి సరేనన్నారు. ఆచారి ఆ రోజు తీగను మరో చుట్టు లోపలికి తోసి, చిగురు దాకా దించాడు.

ఇక కార్తీక పౌర్ణమి. ఆ ఏడు అది శుక్రవారం పడింది. ఆచారి పొద్దు వాలకముందే వచ్చాడు, ఒక్కడే. మొలతాడుకు కొత్త తాళంచెవి వేలాడుతోంది. అరుగు మీద స్వామీ, నేనూ, వత్తులు చేసుకుంటూ నూకాలమ్మా ఉన్నాం.

"అమ్మాయి రాలేదా?" అన్నారు స్వామి.

"ఇంట్లోనే ఉంది స్వామీ. బయట గడియ పెట్టి తాళం వేసి వచ్చాను." గొంతు తగ్గించాడు. "తాళం వేస్తుంటే గొడవ చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. 'వేసుకో, లోపల ఎవరున్నారని' అంది. అదేం మాట స్వామీ? ఎదురుగా తను ఉండగా లోపల ఎవరున్నారంటుందేమిటి? ఇందులో ఏదో మతలబు ఉంది."

నూకాలమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. స్వామి చాలాసేపు ఆ తాళంచెవినే చూశారు. తరవాత, "మళ్ళీ వదులైంది నాయనా" అన్నారు.

"ఇంకానా!" ఆచారి పట్టకారు తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. "ఇవాళ దీని సంగతి తేల్చేస్తాను. తియ్యండి స్వామీ."

స్వామి నోట్లో వేళ్ళు పెట్టారు. ఎప్పుడూ ఇట్టే వచ్చే సెట్టు ఈసారి రాలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా కిందికి లాగారు. వచ్చింది. ఉత్తరీయం కొస ఎర్రబడింది. తుడిచి, ఆచారి అరచేతిలో పెట్టారు.

పలక మీద నాలుగు పళ్ళు ఉండాలి. ఐదు ఉన్నాయి. ఐదోది స్వామి సొంత కోరపన్ను, పొడుగాటి వేరుతో సహా కొక్కెంలో బిగుసుకుని ఉంది.

"అయ్యో సామీ!" నూకాలమ్మ లేచి నిలబడింది. "డాకటరమ్మ సిలక్కి సెప్పినట్టు సెప్పలేదేటి? ఆ తీగ కొంచెం ఆడాల, బయటోళ్ళ సేత ముట్టించొద్దు, రేత్రి తీసేసి పంటిని ఊపిరి పీల్చుకోనివ్వాల, లేకపోతే బతికున్న పన్నే కదిలి ఊడిపోద్ది అని! నాను పక్కనే ఉన్నాను గదా! సెబుదామంటే నన్ను నీళ్ళకి తోలీసినారు!"

ఆచారికి ఇన్నాళ్ళూ వదులైంది తీగ కాదని అప్పటికి తెలిసింది. అలవాటు చొప్పున చేతిలోని సెట్టును ఒకసారి విదిలించి చూశాడు. పన్ను రాలలేదు. గోటితో నెట్టి చూశాడు. కదల్లేదు. ఆయన పనితనం అలాంటిది.

"మంచి పట్టు నాయనా" అన్నారు స్వామి. ఇప్పుడు మాట మరింత బుస్సుమంది.

"నాకెందుకు చెప్పలేదు స్వామీ?" అన్నాడు ఆచారి. "ఒక్క మాట అంటే నేను ముట్టుకునేవాణ్ణా?"

"నువ్వు తీగనే చూశావు. నోరు చూపించమని ఒక్కనాడూ అనలేదు."

ఆచారి ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే మొలతాడు దగ్గరికి వెళ్ళి, ఆ తాళంచెవిని పట్టుకుంది. తాళం వేస్తున్నప్పుడు పెళ్ళాం అన్న మాట అప్పటికి చెవిన పడిందో ఏమో, కుడి అరచేతిలోని పన్నును చూసి, స్వామి ముఖం చూసి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"దీన్ని మళ్ళీ నిలబెట్టవచ్చా స్వామీ?"

స్వామి ఆయన చేతిలోంచి సెట్టు తీసుకుని, పన్నుతో సహా నీళ్ళగిన్నెలో వేశారు.

"ఇది ఇక నిలవదు నాయనా. ఇంకా పొద్దుంది. ఇంటికి వెళ్ళు."