గౌరమ్మకు వచ్చిన కోపం

"ఒళ్ళు మండుతున్నప్పుడు నిర్ణయం తీసుకోవచ్చా గురువుగారూ? చల్లారేదాకా ఆగాలా?"

సౌదామిని ఈ ప్రశ్న నిలబడే అడిగింది. శ్రీకాకుళంలో పురుషోత్తంగారు నడిపే కౌన్సెలింగ్ కేంద్రంలో ఆమె ఏడాదిగా పని నేర్చుకుంటోంది. ఆ పూట ఆమె దగ్గరికి వచ్చిన ఒక ఇల్లాలి మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. ఆ ఇల్లాలి భర్త వరండాలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకున్నాడు. రేపు ఇద్దరూ మళ్ళీ వస్తారు. వచ్చీ రాగానే అతన్ని నిలబెట్టి దులిపేయాలని సౌదామిని పంతం.

పురుషోత్తంగారికి ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. తాను తప్పు చేసిన సంగతి ఒకటి తీసి చెబుతారు. ఆ రోజు చెప్పింది గౌరమ్మ సంగతి.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆయన ఈ పనిలోకి కొత్తగా వచ్చారు. రైసుమిల్లులో ఇంజను చూసుకునే అప్పలస్వామి అనే అతను భార్య గౌరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమెకు నిద్ర పట్టడం లేదని, పిచ్చి ముదురుతోందని అతనే చెప్పాడు. అన్నం తింటున్నావా అమ్మా అంటే అతనే జవాబు. దేనికైనా భయపడుతున్నావా అన్నా అతనే జవాబు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె పెదవి చిట్లి ఉంది. గడప తగిలి పడిందని కూడా అతనే చెప్పాడు. పురుషోత్తంగారు బల్ల గుద్ది లేచారు.

"ఆవిడకు నోరు లేదా? బయటికి నడు! ఇంకోసారి చెయ్యెత్తావంటే పోలీసులకు పట్టిస్తాను!"

అప్పలస్వామి బయటికి నడిచాడు. లోకంలోని అన్యాయాన్నంతా తానే గెంటేసినంత తృప్తితో ఆయన గౌరమ్మ వైపు తిరిగారు. ఆమె అతను వెళ్ళిన తలుపు వైపే చూస్తోంది.

"ఈయేళ ఇంటికెల్లేది మీరు కాదు బాబూ, నాను" అంది.

తర్వాతి వారం వాళ్ళు రాలేదు. రెండు నెలలకు ఆమె ఒక్కతే వచ్చింది. కుడిచేతి రెండు వేళ్ళు వంకరగా అతుక్కుని ఉన్నాయి. తన కోపమే ఆ వేళ్ళు విరిచిందని పురుషోత్తంగారికి అర్థమైంది. సిగ్గుతో గడ్డకట్టిపోయారు. ఇక జన్మలో ఈ గదిలో కోపం తెచ్చుకోనని ఒట్టు పెట్టుకున్నారు. ఆమెను కూర్చోబెట్టి, తెల్లకాగితం మధ్యలో గీత గీసి, చల్లని గొంతుతో చెప్పారు: కాపురంలో ఉంటే ఏమవుతుందో ఈ పక్కన, వదిలేస్తే ఏమవుతుందో ఆ పక్కన రాద్దాం, నిర్ణయం మాత్రం మీదే.

గౌరమ్మ ఆ కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టింది.

"నా సెయ్యి సూసి మీకేటీ అనిపించలేదా బాబూ? ఆ పొద్దు మీ కోపం మీరు తీర్సుకున్నారు. ఈ పొద్దు గీతలు గీస్తన్నారు. నానేటి, మనిసిని కానా?"

పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె గొంతెత్తడం అదే మొదలట.

అనిపించిందని ఆయన ఒప్పుకున్నారు. ఆ వేళ్ళు చూసినప్పటినుంచీ లోపల కుతకుతలాడుతోందన్నారు. నాకూ అంతేనంది గౌరమ్మ. అప్పుడు మొదలైంది అసలు మాట. ప్రశ్నలన్నీ ఆమెవే. పలాసలో జీడిపప్పు పని చేసుకునే అక్క తనను రానిస్తుందా? అతను ఇంజను వదిలి కదల్లేని రోజేది? కూతుర్ని బడి నుంచి తేవడం ఎలా? పోలీసుల దగ్గరికి బస్సెక్కే ముందు వెళ్ళాలా, దిగాక వెళ్ళాలా? తెలిసినవాటికి ఆయన జవాబు చెప్పారు, తెలియనివి కనుక్కొచ్చారు. అన్నీ కుదరడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆమె పళ్ళు బిగించి అప్పలస్వామికి అన్నం వడ్డించింది. కోతల రోజులు వచ్చి మిల్లు తెరిపి లేకుండా ఆడుతున్న ఒక సోమవారం, కూతురి చెయ్యి పట్టుకుని పలాస బస్సెక్కింది. రెండు రోజులకు అతను కర్ర పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్క గుమ్మంలో ఇరవైమంది జీడిపప్పు పని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళ ముందు గౌరమ్మ. ఆమె ఒక్క మాట అనలేదట. అతనే కర్ర దించి వెనక్కి నడిచాడు.

పురుషోత్తంగారు చెప్పడం ఆపారు. సౌదామిని కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది, ఆ అప్పలస్వామి మీద మీ కోపం ఎప్పుడు పోయిందని.

ఆయన మొహం జేవురించింది.

"పోలేదు. పోయిన రోజున నువ్వొచ్చి ఈ గదికి తాళం వెయ్యి" అన్నారు.