కేశవులు సారు వేసిన అతుకు

కేశవులు సారు తన చేత్తో బిగించిన దీపాలు గిద్దలూరు ఘాట్‌లో, మూడో మలుపు దగ్గర, పొగమంచులో ఆరిపోయాయి. అప్పుడు కారు నడుపుతున్నది ఆయన కాదు. ఆయన భార్య హేమలత.

సారు నంద్యాలలో ఫిజిక్స్ లెక్చరర్. హేమలత అడవికి అవతల ఒక ఊళ్ళో ప్రభుత్వాసుపత్రి నర్సు. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే పాత కారులో ఘాట్ దాటి డ్యూటీకి వెళ్తుంది. చలికాలం మంచులో దారి కనిపించడం లేదంటే సారు రెండు పసుపు దీపాలు కొన్నాడు. హెడ్‌లైట్ల వైరునే కోసి, అందులోంచి కొత్త దీపాలకు కరెంటు తీశాడు. ఆ అతుకు వదిలితే కొత్తవీ పాతవీ కలిపి అన్నీ ఆరిపోతాయి. ఆ సంగతి ఆయనకు తెలుసు. అతుకు వదలదని కూడా తెలుసుననుకున్నాడు.

ఆ మలుపులో దీపాలు ఆరినప్పుడు ఎదురుగా లారీ వస్తూ ఉంది. ఆ లారీ వెలుతురులోనే హేమలత కల్వర్టు గోడను చూసుకొని, దానికి జానెడు దూరంలో బండి ఆపింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ చెప్పింది.

"లైట్లు పోయినాయి."

"ఏ పక్కవి?" అన్నాడు సారు.

ఆమె ఆయన ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం సారు బానెట్ ఎత్తి చూశాడు. వైర్లు మెలిపెట్టి పైన చుట్టిన నల్ల టేపు ఇంజను వేడికి జిగురు కారి, జారిపోయి ఉంది. లోపలి రాగి పోగులు ఒకదాన్నొకటి వదిలేసి ఎడంగా నిలబడ్డాయి. సారు బండి తీసుకొని లారీ స్టాండుకు పోయాడు. అక్కడ హుసేన్ పీరా షాపు ఉంది.

పీరాకు అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా లారీలకూ కార్లకూ వైరింగ్ చేస్తున్నాడు. డ్రైవర్లందరూ ఉస్తాద్ అంటారు. మాట తక్కువ మనిషి. అడిగినదానికి జవాబు చెప్పడం కూడా ఆయనకు పెద్ద పనే.

"చేసి పెట్టొద్దు పీరా సాబ్. నేర్పండి. నా బండి పని నేనే చేసుకోవాలని నా పట్టుదల" అన్నాడు సారు.

"చేసుకోండి."

"కరెంటు పాఠం ముప్పై ఏళ్ళుగా చెప్తున్నా. థియరీ అంతా ఉంది. చేతిపనిలోనే చిన్నచిన్న మెళకువలు తెలియాల."

పీరా టేపు చుట్టిన ఇంకో అతుకును బానెట్ కింద వెతికి పట్టుకున్నాడు. అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు వేసి లాగాడు. అరటితొక్క వచ్చినట్టు వచ్చింది. ఒక కొసను సారు కుడి చేతిలో పెట్టాడు, ఇంకో కొసను ఎడమ చేతిలో పెట్టాడు.

సారు రెండు కొసలనూ వదిలేశాడు. "సరే, ఇది తప్పే. మరి ఏది మంచి పద్ధతి? క్లిప్పా, సోల్డరా, నొక్కే స్లీవా? వీడియోల్లో తలా ఒకటి చెప్తున్నారు. మీరు ఒక్క మాటలో చెప్పండి."

"వేసుకొని రండి సారూ. చూద్దాం."

ఇదేం జవాబని సారు దారంతా గొణుక్కున్నాడు.

అతుకు కుదిరేదాకా హేమలత బస్సులో వెళ్ళింది. రెండు బస్సులు మారి, చివర ఆటో ఎక్కాలి. ఎంత తొందరగా బయల్దేరినా గంట ఆలస్యం. ఆ వారం ఒకరోజు ఆమె చేరేసరికి కాన్పు అయిపోయింది. ఆసుపత్రి ఆయా ఒక్కతే చేసిందట. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. అయినా హేమలత ఆ మాట చెప్పేటప్పుడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"రెండు తీగలు కలపడానికి ఇన్ని రోజులా?" అంది.

"కలపడం కాదు, సరిగ్గా కలపడం" అన్నాడు సారు విసుగ్గా.

రెండో ఆదివారం ఆయన నీలం రంగు ప్లాస్టిక్ క్లిప్పులు బిగించుకొని వెళ్ళాడు. ఇవి చాలా తేలిక. వైరు మీది తొడుగు తీయక్కర్లేదు. రెండు వైర్లూ క్లిప్పులో పెట్టి ప్లయరుతో నొక్కితే లోపలి రేకు తొడుగును కోసుకొని పోయి రాగికి తగులుతుంది. దీపాలు చక్కగా వెలిగాయి.

పీరా ఒక క్లిప్పు విప్పాడు. రేకు కొరికిన చోట తొడుగు ఒలిచి, రాగి పోగులను అరచేతిలో విసనకర్రలాగ పరిచాడు. సారు కళ్ళజోడు సవరించుకొని వంగి చూశాడు. పోగుల్లో సగం తెగి ఉన్నాయి.

"వీటిని ఎవరు తెంపినారు సారూ?"

"క్లిప్పులో రేకు తెంపింది. వైరు సైజుకు క్లిప్పు సరిపోలేదనుకుంటా."

"క్లిప్పును ఎవరు నొక్కినారు?"



పీరా లోపలికి పోయి గుప్పెడు సన్నటి రాగి గొట్టాలు, అంటే స్లీవులు, వాటిని నొక్కే క్రింపింగ్ ప్లయరు తెచ్చి బానెట్ మీద పెట్టాడు. ముందు బ్యాటరీ నల్ల టెర్మినల్ విప్పాడు. రెండు వైరు ముక్కలు తీసుకొని, ఒక్క పోగూ తెగకుండా కొసలు ఒలిచాడు. వైరు లావుకు సరిపోయే స్లీవును గుప్పెట్లోంచి ఏరి, చెరో వైపు నుంచి కొసలు లోపలికి దూర్చి, ప్లయరు దానంతట అది వదిలేదాకా నొక్కాడు. గట్టిగా లాగి చూశాడు. ముందే వైరుకు ఎక్కించిన, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టాన్ని అతుకు మీదికి జరిపి వేడి చూపించాడు. లోపలి జిగురు కొసల్లో చిన్న ఉంగరంలాగ బయటికి వచ్చింది. అంతా రెండు నిమిషాల పని.

సారుకు అది మోటు పనిలా అనిపించింది. నొక్కడంలో ఏముంది?

"సోల్డరైతే ఇంతకంటే గట్టిది కదా పీరా సాబ్? సీసం కరిగి పోగుల మధ్యలోకి పోతుంది. రెండు తీగలూ ఒకటే తీగ అయిపోతాయి."

"ఇంజను ఆగి ఉన్నప్పుడా, నడిచేటప్పుడా?"

"ఎప్పుడైనా సోల్డరు సోల్డరే."

పీరా గుడ్డతో చేతులు తుడుచుకొని పక్కనున్న లారీ దగ్గరికి పోయాడు. పోతూ పోతూ ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "లారీ క్లీనర్లకు నేర్పినా. అక్షరం ముక్క రానోళ్ళకు నేర్పినా. ఈ చదువుకున్నోళ్ళతోనే చావొచ్చింది."

సారు విన్నాడు. విననట్టు బండెక్కాడు.

ఆ వారమంతా ఆయన పంతం మీద ఉన్నాడు. సాయంత్రాలు కాలేజీ ల్యాబ్‌లో కూర్చొని సోల్డరు వేయడం మళ్ళీ సాధన చేశాడు. మచ్చుకు ఒక అతుకు వేసుకొని, అది బాగా కుదిరాక బండికి అదే వైరుతో, అదే తీరులో వేశాడు. వెండి పని చేసినట్టు మెరిసింది. దాని మీద గొట్టం కూడా ముడిచాడు. శనివారం హేమలత అడిగింది.

"సోమవారం బండి తీసుకుపోవచ్చా?"

"నిక్షేపంగా" అన్నాడు.

ఆదివారం పొద్దున పీరా షాపుకు వెళ్ళేటప్పుడు మచ్చు అతుకు జేబులో వేసుకున్నాడు. ల్యాబ్ మల్టీమీటరు కూడా సంతకం పెట్టి తెచ్చుకున్నాడు. ఖరీదైన మీటరు. పాడైతే జవాబుదారీ ఆయనదే.

పీరా బానెట్ కిందికి వంగాడు. అతుకు ఇంజనుకూ బండి రేకుకూ నడుమ, దేనికీ ఆనకుండా వేలాడుతూ ఉంది. పట్టుకొని లాగాడు. రాలేదు.

సారు ముఖం వెలిగింది. మీటరు పుల్లలు అతుకుకు అటూ ఇటూ ఆనించి చూపించాడు. "చూడండి పీరా సాబ్. రెసిస్టెన్స్ సున్నా. అక్కడ అతుకు ఉన్న సంగతే కరెంటుకు తెలియదు."

"కరెంటుకు తెలియదు సారూ" అన్నాడు పీరా. "ఇంజను స్టార్ట్ చేయండి."

స్టార్ట్ చేసి దిగి వచ్చాడు. ఇంజను అదిరింది. దానితో పాటు అతుకూ అదిరింది. సారు చూపుడు వేలును పీరా పట్టుకొని సోల్డరు అయిపోయిన చోట పెట్టాడు. వేలికి ఇటు వైరు మెత్తగా ఊగుతూ ఉంది. అటు కడ్డీలాగ బిగుసుకొని ఉంది. రెండూ కలిసేచోట సన్నగా, ఆగకుండా వంగుతూ ఉంది.

సారు వేలు వెనక్కి లాక్కున్నాడు. ఇన్నాళ్ళు ఆపుకున్న విసుగంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"మూడు ఆదివారాల నుంచి తిరుగుతున్నా పీరా సాబ్. లాగినారు, రాలేదు. మీటరు సున్నా చూపిస్తా ఉంది. ఇంకేం కావాల? ఇంట్లో ఆమె రోజూ రెండు బస్సులు మారి పోతా ఉంది. బాగుందనో బాగలేదనో ఒక్క మాట చెప్పడానికి మీకేం కష్టం?"

పీరా కిటికీలోంచి చెయ్యి చాపి ఇంజను ఆపాడు.

"మీకు నమ్మకమేనా సారూ?"

"నూటికి నూరు పాళ్ళు."

"ఇట్లాంటిదే ఇంకొకటి ఉందా?"

సారు జేబులోంచి మచ్చు అతుకు తీసి ఇచ్చాడు. మూరెడు వైరు, నడుమ మెరిసే అతుకు. "రెండూ ఒకటే. తేడా ఉంటే నన్నడగండి."

పీరా షట్టర్ కొక్కేనికి వైరు ఒక కొసను కట్టాడు. రెండో కొసను సారు చేతిలోని మీటరు పట్టీకి ముడి వేశాడు. సారు ఏమిటని అడిగేలోపే మీటరు ఆయన చేతిలోంచి జారి, గచ్చు నేలకు నడుమెత్తున గాల్లో వేలాడింది. పీరా దాన్ని ఒక వేలితో నెట్టాడు.

మీటరు ఊగింది. అటు పోయినప్పుడు వైరు అతుకు అంచున అటు వంగింది. ఇటు వచ్చినప్పుడు ఇటు వంగింది. సారు చూస్తూ నిలబడ్డాడు. మొదట నవ్వుదామనుకున్నాడు. ఐదోసారి ఊగేసరికి అతుకు అంచు మీదికి చూపు పోయింది. పదోసారికి అక్కడే ఆగిపోయింది. పీరా ఇంకోసారి, ఈసారి కొంచెం గట్టిగా, నెట్టాడు.

అతుకు తెగలేదు.

పీరా అతుకు వైపు చూడటం లేదు. ఆయన చూసేచోటికి సారు కూడా చూశాడు. తన రెండు చేతులూ మీటరు కింద దోసిలి పట్టి ఉన్నాయి. ఎప్పుడు పట్టాడో ఆయనకే తెలియదు.

"ఘాట్‌లో కింద చేతులు పెట్టేవాళ్ళు ఉండరు సారూ" అన్నాడు పీరా.

అని, హారన్ కొడుతున్న లారీ వైపు పోయాడు.

సారు మీటరు విప్పి సంచిలో పెట్టుకున్నాడు. బానెట్ కిందికి వంగి బ్యాటరీ నల్ల టెర్మినల్ వదులు చేశాడు. కట్టర్ తీసుకొని, వారమంతా మురిసిపోయిన తన అతుకును అటూ ఇటూ కత్తిరించి పక్కన పడేశాడు. స్లీవు వేయడానికి, పోగు తెగకుండా కొస ఒలవడం మొదలుపెట్టాడు. మొదటి కొసలో రెండు పోగులు తెగాయి. ఆ ముక్క కత్తిరించి మళ్ళీ ఒలిచాడు. ఈసారి ఒకటి తెగింది. మళ్ళీ కత్తిరించాడు.

ఫోను మోగింది. హేమలత.

"అయిపోయిందా? రేపు పొద్దున నాకు బండి కావాల."

సారు చేతిలోని వైరు వైపు చూశాడు.

"ఇంకా కాలేదు" అన్నాడు. "నాకు ఇంకా చేతకావడం లేదు. రేపు కూడా బస్సులోనే వెళ్ళు."

అటువైపు కాసేపు మాట లేదు. ఇన్ని రోజులుగా ఆ మౌనం తర్వాత ఏ దెప్పిపొడుపు వస్తుందో ఆయనకు తెలుసు. దానికోసమే ఎదురుచూశాడు.

"సరే" అంది హేమలత. "నిదానంగా చేయండి."