ఉరుకుందు తాడు పట్టిన అవ్వ

అనగనగా అంటారే, ఆ అనగనగాకు కాస్త ఇవతల పాతరకొండ అనే ఊరు ఉండేది. ఆ ఊళ్ళో పండిన జొన్నలన్నీ భూమిలో తవ్విన పాతరల్లో దాచేవారు. ఒక్కో పాతర రెండు నిలువుల లోతు. పైన బండ, బండ మీద మన్ను.

పాతర తీసే రోజున ఒక కట్టుబాటు ఉండేది. బండ జరిపాక పూటంతా లోపల గాలి ఆడనివ్వాలి. దిగేవాడి నడుముకు తాడు కట్టాలి. రెండో కొస ఊరివాళ్ళలో ఒకరు పట్టుకోవాలి. లోపలి ఆవిరికి వాడు సొమ్మసిల్లితే పైకి లాగేది ఆ చెయ్యే. తాడు పట్టేవాళ్ళు లేనిదే ఎవరూ దిగరాదు.

ఆ ఊళ్ళో ఉరుకుందు అనే పాతర కూలివాడు ఉండేవాడు. ముందూ వెనకా ఎవరూ లేనివాడు. ఒక కరువు ఏడు పనులు ఆగిపోయాయి. ఆకలికి ఓర్వలేక ఎవరిదో పాతర బండ జరిపి జొన్నలు దొంగిలించాడు. పట్టుబడ్డాడు. రాజుగారు ఏడాది చెరసాల వేశారు.

తప్పు చేశాడు, శిక్ష అనుభవించాడు. అంతటితో తీరిపోవాలి కదా? తీరలేదు. విడుదలైన రోజున రాజభటులు అతణ్ణి వీధి వీధీ తిప్పుతూ టముకు వేశారు.

"దొంగ వస్తున్నాడహో! తలుపులు వేసుకోండహో!"

అందరూ వేసుకున్నారు.

ఉరుకుందు కుమ్మరి తిక్కయ్యను పని అడిగాడు. "నిన్ను పెట్టుకుంటే నీకు కాపలాగా ఇంకొకణ్ణి పెట్టుకోవాలిరా" అన్నాడు తిక్కయ్య. గానుగ మాదప్పను అడిగాడు. "నా ఎద్దే నిన్ను చూసి బెదురుతోంది, అవతలికి పో!" అన్నాడు మాదప్ప. పాతరల పెద్ద వీరభద్రప్పను అడిగాడు. "పని ఉంది. నీ తాడు పట్టేదెవర్రా?" అని నవ్వాడు వీరభద్రప్ప.

నెల తిరక్కుండా ఉరుకుందు మళ్ళీ దొంగిలించాడు. మళ్ళీ చెరసాల, మళ్ళీ టముకు, మళ్ళీ ఆ మూడు గుమ్మాలు. మూడోసారీ దొంగిలించాడు.

రాజుగారు మండిపడ్డారు. "ఇంకొక్కసారి పట్టుబడితే నీ కుడిచెయ్యి నరికిస్తాను!"

చూశారా పిల్లలూ? మూడుసార్లు ఒకే మందు పోశారు. జబ్బు తగ్గలేదు. మందును ఒక్కరూ అనుమానించలేదు, రోగినే తిట్టారు.

మూడో ఏడు చెర కూడా గడిచి ఉరుకుందు బయటికి వచ్చాడు. ఆ పొద్దు వీరభద్రప్ప పాతర తీయిస్తున్నాడు. ఊరంతా అక్కడే ఉంది. ఉరుకుందు చేతులు జోడించాడు.

"దిగుతానయ్యా. కూలి మీకు తోచినంత ఇవ్వండి."

"తాడు ఎవరైనా పట్టుకుంటే దిగు" అన్నాడు వీరభద్రప్ప.

"వీడు దిగితే జొన్నలే కాదు, పాతర గోడలు కూడా మాయమవుతాయి" అన్నాడు మాదప్ప. అందరూ పకపకా నవ్వారు. ఎవరూ కదల్లేదు. ఉరుకుందు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఈ పూట పని దొరక్కపోతే ఆ చెయ్యి ఎన్నాళ్ళు ఉంటుందో అతనికి తెలుసు.

అప్పుడు సుంకులవ్వ ముందుకు వచ్చింది. రెండోసారి అతను దొంగిలించింది ఆమె పాతరలోనే.

"నా జొన్నలు తిన్నది నువ్వే కదరా?"

"నేనే అవ్వా."

"వండుకుని తిన్నావా?"

"లేదవ్వా. పచ్చివే నమిలాను."

 అవ్వ తాడు కొస అందుకుని చేతికి చుట్టుకుంది.

"అవ్వా, వాడు దొంగ!" అన్నాడు వీరభద్రప్ప.

"ఏళ్ళ తరబడి టముకు వేసి చెబుతున్నారు. నాకేం చెవుడు లేదు" అంది అవ్వ.

బండ జరిపి ఇంకా పూట కాలేదు. "గాలి ఆడనివ్వరా?" అని అడిగింది అవ్వ. "వీడికి కూడా అంత మర్యాదా?" అన్నాడు వీరభద్రప్ప. ఉరుకుందు నడుముకు తాడు కట్టుకుని దిగాడు.

మొదటి గంప పైకి వచ్చింది. రెండో గంప వచ్చింది. మూడో గంప రాలేదు. తాడు బిగిసింది.

అవ్వ లాగింది. ముసలి చేతులు చాలలేదు. అరచేతులు కోసుకుపోయాయి. ఆమె వెనక్కి తిరిగి అరిచింది.

"చూస్తారేంరా! లోపల ఉన్నది దొంగ కాదు, మనిషి!"

తిక్కయ్య ఉరికివచ్చి తాడు పట్టాడు. అతని వెనక మాదప్ప పట్టాడు. ఆఖరికి తల వంచుకుని వీరభద్రప్ప కూడా పట్టాడు. అందరూ కలిసి లాగితే ఉరుకుందు పైకి వచ్చాడు. మొహాన నీళ్ళు చల్లారు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"మూడో గంప నింపానయ్యా. లాగించండి" అన్నాడు.

వీరభద్రప్ప తానే ఆ గంపను పైకి లాగాడు. ఆ రోజు నుంచి ఉరుకుందుకు అవ్వ వసారాలో చోటు, పాతరల మీద పని దొరికాయి. తిక్కయ్య వంటకుండ ఇచ్చాడు. రోజుకొకరు తాడు పట్టారు.

ఏడాది గడిచింది. దొంగ చెరసాలకు తిరిగి రాలేదేమని రాజుగారికి వింత తోచింది. అవ్వను పిలిపించారు.

"నేను మార్చలేనివాణ్ణి నువ్వు ఏ శిక్షతో మార్చావు?"

"పనితో ప్రభూ. ఇరుగుపొరుగుతో."

"వాడు మళ్ళీ దొంగిలిస్తే?"

"చెరసాల ఎక్కడికీ పోదు కదా ప్రభూ! తమరు శిక్షను మూడుసార్లు నమ్మారు. మనిషిని ఒక్కసారి నమ్మలేరా?"

రాజుగారు సింహాసనం దిగి, తాళ్ళు ఒరిసిన ఆ అరచేతులకు నమస్కరించారు. చెరసాల నుంచి వచ్చేవాడికి ముందుగా పని, గూడు చూపించాలని ఆ పూటే శాసనం చేశారు.

నీతి: తప్పు చేసినవాణ్ణి శిక్షించడం రాజ్యం పని, వాడు మళ్ళీ తప్పు చేయకుండా బతకగలిగేలా చేయడం ఊరందరి పని.